కణితి వచ్చాక టీకా: ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

సంక్షిప్తంగా: క్యాన్సర్ రాకుండా ఆపే టీకాలు వేరు, వచ్చిన క్యాన్సర్‌కు చికిత్సగా ఇచ్చే టీకాలు వేరు. రెండో రకంపై దశాబ్దాలుగా సాగిన ప్రయత్నాల్లో ఎక్కువ భాగం విఫలమయ్యాయి. ఆపరేషన్‌తో కణితిని తీసేశాక, మిగిలిపోయిన కొద్దిపాటి కణాలపై ప్రయోగించినప్పుడు మాత్రం ఇటీవలి ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీ సూచనను కణాలకు అందించే అణువు) టీకాలు ఆశ కలిగించే ఫలితాలు చూపాయి. అయితే అవి చిన్న ట్రయల్స్‌లో వచ్చిన ఫలితాలు. టీకా ఎంత గొప్పదన్న దానికంటే, దాన్ని ఎవరికి, ఏ దశలో ఇస్తున్నారన్నదే ఎక్కువ ముఖ్యమని ఈ చరిత్ర చెబుతోంది.

2024 డిసెంబరులో రష్యా నుంచి ఒక ప్రకటన వెలువడింది. క్యాన్సర్‌కు ఎంఆర్‌ఎన్‌ఏ టీకా తయారవుతోందని, 2025 నుంచి తమ రోగులకు ఉచితంగా ఇస్తామని అక్కడి ఆరోగ్య శాఖ పరిధిలోని రేడియాలజీ పరిశోధన కేంద్రం అధిపతి ఆండ్రే కాప్రిన్ చెప్పారు. 2025 సెప్టెంబరులో వ్లాదివోస్తోక్‌లో జరిగిన ఆర్థిక సదస్సులో ఫెడరల్ మెడికల్ బయలాజికల్ ఏజెన్సీ అధిపతి వెరోనికా స్క్వోర్త్సోవా ఇంకో అడుగు ముందుకేసి, పేగు క్యాన్సర్ టీకా వాడకానికి సిద్ధంగా ఉందన్నారు. ఆ మాట మన వాట్సాప్ గ్రూపులకు చేరేసరికి 'క్యాన్సర్‌కు నూరు శాతం పనిచేసే టీకా' అయి కూర్చుంది.

ఆమె మాటల్లో పూర్తయినవి ప్రీక్లినికల్ పరీక్షలు, అంటే మనుషులపై ప్రయోగించడానికి ముందు జరిపేవి. కణితుల పరిమాణం 60 నుంచి 80 శాతం దాకా తగ్గిందన్న లెక్క కూడా ఆ పరీక్షలదే. పైగా అదే వార్తల్లో 'ఎంటెరోమిక్స్' పేరుతో తిరిగిన మందు ఎంఆర్‌ఎన్‌ఏ టీకా కానే కాదు. జబ్బు కలిగించని నాలుగు వైరస్‌లను కలిపి కణితి కణాలపైకి వదిలే వేరే ప్రయోగం అది. రెండు పరిశోధనలు ఒకే శీర్షిక కింద కలిసిపోయి, మూడోదేదో పుట్టుకొచ్చింది.

రాకుండా ఆపేది, వచ్చాక ఇచ్చేది

టీకా అనగానే జబ్బు రాకుండా ముందుగా వేసే సూదిమందే గుర్తుకొస్తుంది. అలాంటివి క్యాన్సర్‌కూ ఉన్నాయి. కాలేయ క్యాన్సర్‌కు ఒక ప్రధాన కారణం హెపటైటిస్-బి వైరస్. తైవాన్ 1984లో పసిపిల్లలకు ఈ టీకా వేయడం మొదలుపెట్టాక, అక్కడి పిల్లల్లో కాలేయ క్యాన్సర్ తగ్గిందని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. మన దేశంలో ఆ టీకా సామాన్యులకు అందే ధరకు దిగిరావడంలో హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన షాన్‌వాక్-బి పాత్ర పెద్దది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన హెచ్‌పీవీ వైరస్‌పై సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావాక్ 2023లో వచ్చింది.

ఈ రెండు టీకాలూ ఎదుర్కొనేది వైరస్‌ను. అది బయటి నుంచి వచ్చిన శత్రువు. రోగనిరోధక వ్యవస్థకు దాన్ని పరాయిదిగా గుర్తించడం కష్టం కాదు, టీకా వేసే నాటికి శరీరంలో క్యాన్సర్ కూడా ఉండదు.

చికిత్స టీకా సంగతి అలా కాదు. అది ఇచ్చేనాటికి కణితి అప్పటికే పుట్టి, పెరిగి, తనను తాను కాపాడుకునే పద్ధతులు నేర్చి ఉంటుంది. పేరుకు టీకా అయినా, చేసే పని మందుది. కాబట్టి దాన్ని తూచాల్సింది కూడా మందును తూచే తూకంతోనే: రోగి ఎంతకాలం బతికారు, జబ్బు ఎంతకాలం తిరగబెట్టలేదు అన్న లెక్కలతో.

మూత్రాశయ క్యాన్సర్‌లో వాడే బీసీజీని చాలామంది ఈ కోవలో చేరుస్తారు. క్షయ టీకాగా మనకు తెలిసిన ఈ బ్యాక్టీరియాను సన్నటి గొట్టం ద్వారా మూత్రాశయంలోకి ఎక్కిస్తే, పైపొరకే పరిమితమైన క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో కెనడాకు చెందిన ఆల్వారో మోరాలెస్ బృందం చూపింది. 1990లో అమెరికా అనుమతించింది. మన ఆసుపత్రుల్లోనూ ఇది మామూలు చికిత్సే. అయితే ఇందులో క్యాన్సర్‌ను గుర్తుపట్టడం నేర్పే సరుకేమీ లేదు. బీసీజీ ఆ చోట అలజడి రేపుతుంది, ఆ అలజడికి వచ్చిన రోగనిరోధక కణాలు క్యాన్సర్ కణాలనూ చంపుతాయి. 1891లో న్యూయార్క్ శస్త్రవైద్యుడు విలియం కోలీ కణితుల్లోకి బ్యాక్టీరియాను ఎక్కించినప్పుడు ఆశించిందీ దాదాపు ఇదే.

ఇంటి దొంగ సమస్య

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రోగనిరోధక వ్యవస్థకు క్యాన్సర్ కణం అలాంటిదే.

మన ప్రతి కణమూ లోపల తయారయ్యే ప్రొటీన్లను చిన్న ముక్కలుగా తెంచి, హెచ్‌ఎల్‌ఎ అనే అణువులకు తగిలించి బయటకు చూపుతూ ఉంటుంది. ఒక్కో ముక్కలో సాధారణంగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాలుంటాయి. రోగనిరోధక వ్యవస్థలోని తెల్లకణాలైన టి-కణాలు తిరుగుతూ ఆ ముక్కలను తడిమి చూస్తాయి. వైరస్ సోకిన కణం వైరస్ ముక్కను చూపుతుంది, దొరికిపోతుంది. క్యాన్సర్ కణం చూపే ముక్కల్లో అత్యధికం మన సొంతవే. వాటిపై దాడి చేయగల టి-కణాలను శరీరం మొదట్లోనే, ఛాతీలోని థైమస్ గ్రంథిలో, ఏరిపారేస్తుంది. ఆ ఏరివేత లేకపోతే శరీరం తన అవయవాలనే తినేస్తుంది. దాని మూల్యం ఇలా క్యాన్సర్ దగ్గర చెల్లించాల్సి వస్తోంది.

మేలైన టి-కణాలు పుట్టినా పని పూర్తికాదు. ముందుగా డెండ్రైటిక్ కణాలు కణితి ముక్కను అందుకొని, దగ్గరలోని లింఫు గ్రంథికి తీసుకెళ్లి, టి-కణాలకు చూపాలి. అవి వేల రెట్లు పెరిగి రక్తంలోకి రావాలి. కణితి దాకా చేరాలి. లోపలికి చొరబడాలి. అక్కడ చంపాలి. రక్త క్యాన్సర్లలో రోగ కణాలు రక్తంలోనూ మజ్జలోనూ ఉంటాయి కాబట్టి మూడో మెట్టు, నాలుగో మెట్టు కొంత తేలిక. రొమ్ము, ఊపిరితిత్తి, పెద్దపేగు, క్లోమం వంటి అవయవాల్లో గడ్డగా పెరిగే ఘన కణితుల్లో అసలు చిక్కంతా అక్కడే. కణితిలోని రక్తనాళాలు వంకరటింకరగా, సరిగా ఎదగకుండా ఉంటాయి. క్లోమ క్యాన్సర్‌లోనైతే గడ్డ చుట్టూ పీచు కణజాలం దట్టంగా అల్లుకొని ఉంటుంది. ఆ గోడ దాటి లోపలికి వెళ్లిన టి-కణాలకు, వాటిని శాంతపరిచే నియంత్రణ కణాలు, రసాయన సంకేతాలు ఎదురవుతాయి. కణితి కణాలు తమపై పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను పెంచుకొని, దగ్గరికొచ్చిన టి-కణాన్ని నిర్వీర్యం చేస్తాయి. మరికొన్ని హెచ్‌ఎల్‌ఎ అణువులనే వదిలేస్తాయి. అప్పుడు చూపేందుకు ముక్క ఉండదు, గుర్తుపట్టేందుకు ఆనవాలూ ఉండదు.

టీకా సరిచేయగలిగేది ఈ వరుసలో మొదటి రెండు మెట్లను మాత్రమే. మిగతావి దాని చేతిలో లేవు. ముప్పై ఏళ్ల వైఫల్యాల్లో సింహభాగం ఈ ఒక్క వాస్తవంలో ఇమిడిపోతుంది.

2.6 శాతం

1990లలో కణితి కణాలపై ఎక్కువగా కనిపించే ప్రొటీన్లను ఒక్కొక్కటిగా గుర్తించారు. ఆ ప్రొటీన్ ముక్కలను నేరుగానో, డెండ్రైటిక్ కణాలకు పట్టించో, నిరపాయకర వైరస్‌లో పెట్టో ఎక్కించసాగారు. రక్తపరీక్షలో టి-కణాలు పెరిగినట్టు కనిపించేది. పరిశోధన పత్రాల నిండా అదే ఉత్సాహం. 2004లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకు చెందిన స్టీవెన్ రోజెన్‌బర్గ్ బృందం తమ టీకా ట్రయల్స్‌లోని 440 మంది రోగుల లెక్క తీసి బయటపెట్టింది. కణితి చెప్పుకోదగినంత తగ్గినవారు 2.6 శాతం. ఈ రంగంలో పనిచేసే మనిషే ఈ అంకెను ప్రకటించడం అప్పట్లో పెద్ద కుదుపు.

తర్వాత కూడా పెద్ద ట్రయల్స్ నడిచాయి, పెద్దగానే ఓడాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మేజ్-ఎ3 అనే యాంటిజెన్‌పై (రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే ప్రొటీన్‌పై) గ్లాక్సోస్మిత్‌క్లైన్ తయారుచేసిన టీకాను 2,272 మందిపై పరీక్షించారు. ఆపరేషన్ అయినవారికే ఇచ్చినా జబ్బు తిరగబెట్టడంలో తేడా రాలేదు. 2014లో ఆ కథ ముగిసింది. ఇక్కడ సమయం సరిగానే ఎంచుకున్నారు, లక్ష్యమే బలహీనం. మేజ్-ఎ3 మార్పు చెందని మామూలు మానవ ప్రొటీనే. పెద్దవాళ్లలో వృషణాల్లో తప్ప మరెక్కడా కనిపించదన్న నమ్మకంతో దాన్ని ఎంచుకున్నారు.

వీటన్నిటికంటే ఎక్కువ చెప్పే ట్రయల్ మరొకటుంది. దాని ఫలితం 2010లో వెలువడింది. ముదిరిన మెలనోమా (చర్మపు రంగు కణాల్లో పుట్టే క్యాన్సర్) ఉన్న 676 మందిని మూడు వర్గాలు చేశారు. ఇపిలిముమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు మాత్రమే తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం (సగం మంది దాటిన కాలం) 10.1 నెలలు. ఆ మందుతోపాటు, మెలనోమా కణాల్లోని జీపీ100 అనే ప్రొటీన్ ముక్కలతో చేసిన టీకా కూడా తీసుకున్నవారిది 10.0 నెలలు. టీకా ఒక్కటే తీసుకున్నవారిది 6.4 నెలలు. అంటే టీకా జోడించినా ఒరిగింది శూన్యం. ఈ ట్రయల్‌తో ఇపిలిముమాబ్ 2011లో మార్కెట్లోకి వచ్చింది. టి-కణాలకు పడిన పగ్గాలను విప్పే ఈ పద్ధతిని కనుగొన్నందుకు జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ దక్కింది. టీకాల రంగం కొన్నేళ్లపాటు దాదాపు మూలనపడింది.

గెలిచినా నిలవని ప్రొవెంజ్

ఈ ఓటముల మధ్య ఒకటి నెగ్గింది. 2010 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు సిపులూసెల్-టి అనే చికిత్సను అనుమతించింది. మార్కెట్లో పేరు ప్రొవెంజ్.

దీని తయారీ చూస్తే ఈ రంగం ఎదుర్కొనే కష్టమేమిటో తెలుస్తుంది. రోగిని యంత్రం పక్కన కొన్ని గంటలు పడుకోబెట్టి, రక్తం తీసి, అందులోంచి తెల్లకణాలను వేరుచేసి, మిగతా రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపుతారు. ఆ కణాలను విమానంలో కర్మాగారానికి తరలిస్తారు. అక్కడ వాటిని ప్రోస్టేట్ కణాల్లో ఉండే యాసిడ్ ఫాస్ఫటేజ్ ప్రొటీన్‌తో, కణాలను ఉత్తేజపరిచే మరో ప్రొటీన్‌ను కలిపి నానబెడతారు. డెండ్రైటిక్ వంటి కణాలు ఆ ప్రొటీన్ ముక్కలను తమపై తగిలించుకుంటాయి. సంచిలో నింపాక 18 గంటల్లోగా రోగికి ఎక్కించేయాలి. విమానం ఆలస్యమైతే సరుకు వృథా. ఇదంతా రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు చేయాలి.

512 మందిపై జరిగిన ట్రయల్‌లో మధ్యస్థ జీవితకాలం 21.7 నెలల నుంచి 25.8 నెలలకు పెరిగింది. నాలుగు నెలలు ఎక్కువ. విచిత్రమేమిటంటే కణితి పెద్దగా కుంచించుకుపోలేదు, జబ్బు ముదిరే వేగమూ తగ్గినట్టు కనిపించలేదు, రక్తంలో పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ తీరును సూచించే ప్రొటీన్) అంకె పడిపోయినవారూ చాలా తక్కువ. పరీక్షలన్నీ మారలేదంటున్నా రోగులు కొంచెం ఎక్కువకాలం బతికారు. టీకా ఒకనాటి దెబ్బతో కాక నెమ్మదిగా పనిచేస్తుందని సమర్థకులు అన్నారు. ఇలాంటి ఫలితాన్ని మామూలు వైద్యుడికి వివరించడమే కష్టం, రోగికి ఇంకా కష్టం. మూడు మోతాదుల ధర 93,000 డాలర్లు. తయారుచేసిన డెండ్రియాన్ కంపెనీ 2014లో దివాలా ప్రకటించింది. చికిత్స మాత్రం మరో యాజమాన్యం కింద కొనసాగింది.

డెండ్రైటిక్ కణాల పేరొచ్చింది కాబట్టి ఒక మాట. వాటిని 1973లో కనుగొన్న రాల్ఫ్ స్టైన్‌మన్‌కు క్లోమ క్యాన్సర్ వచ్చింది. తన కణాలతోనే తయారైన ప్రయోగాత్మక టీకాలు తీసుకొని నాలుగేళ్లకు పైగా జీవించారు. 2011లో నోబెల్ ప్రకటనకు మూడు రోజుల ముందు కన్నుమూశారు. ఆయనకు కీమో కూడా ఇచ్చారు, టీకాలూ ఒకటికి మించే తీసుకున్నారు. అందువల్ల ఏది పనిచేసిందో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ సరిపోదు. ప్రచార కరపత్రాల్లో మాత్రం ఆయన పేరు తరచూ కనిపిస్తుంది.

కణితికి మాత్రమే ఉన్న గుర్తులు

2010 తర్వాత మారింది లక్ష్యం. క్యాన్సర్ కణం విభజన చెందేకొద్దీ దాని డీఎన్‌ఏలో తప్పులు పేరుకుంటాయి. ఆ తప్పుల్లో కొన్ని మామూలు కణంలో లేని కొత్త ప్రొటీన్ ముక్కలను పుట్టిస్తాయి. వీటికే నియోయాంటిజెన్లని పేరు. థైమస్ వీటిని ఎన్నడూ చూసి ఉండదు కాబట్టి, వీటిపై దాడి చేయగల టి-కణాలు శరీరంలో బతికే ఉంటాయి. ఇంటి దొంగకు ఇప్పుడు ఒంటి మీద మచ్చ దొరికినట్టయింది.

చిక్కేమిటంటే ఆ మచ్చలు ఒక్కో రోగికి ఒక్కో రకం. అందువల్ల టీకా కూడా ఒక్కో మనిషికి విడిగా తయారుచేయాలి. ఆపరేషన్‌లో తీసిన కణితి ముక్కను, రోగి రక్తాన్ని రెంటినీ తీసుకొని జన్యుక్రమాలు చదువుతారు. రెంటినీ పోల్చి కణితిలో మాత్రమే ఉన్న మార్పులను ఏరుతారు. ఆ మార్పుల్లో ఏవి ఆ రోగి హెచ్‌ఎల్‌ఎ అణువులకు గట్టిగా అతుక్కుంటాయో కంప్యూటర్ లెక్కగట్టి వరుస పెడుతుంది. ఎంచుకున్నవాటిని ఒకే ఎంఆర్‌ఎన్‌ఏ పోగులో రాసి, కొవ్వు కణికల్లో పెట్టి సీసాలో నింపుతారు. ఆ సీసా ఒక్క మనిషికే పనికొస్తుంది.

2017లో డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థ ఆరుగురు మెలనోమా రోగులపై, జర్మనీలోని బయోన్‌టెక్ 13 మందిపై ఇలా ఒక్కొక్కరికి విడిగా చేసిన టీకాలను ప్రయత్నించి ఒకేసారి ఫలితాలు ప్రచురించాయి. తర్వాత మోడెర్నా, మెర్క్ కలిసి చేసిన ట్రయల్ ఈ రంగంలో ఇప్పటివరకు ఎక్కువగా చర్చకొచ్చింది. ఇందులో మెలనోమాను ఆపరేషన్‌తో పూర్తిగా తీసేసిన, తిరగబెట్టే ముప్పు ఎక్కువున్న 157 మంది పాల్గొన్నారు. వారిలో 107 మందికి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీతోపాటు 34 దాకా నియోయాంటిజెన్లున్న టీకాను మూడు వారాలకొకటి చొప్పున తొమ్మిది మోతాదులు ఇచ్చారు. 50 మందికి పెంబ్రోలిజుమాబ్ మాత్రమే. 18 నెలలకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు టీకా వర్గంలో 78.6 శాతం, మరో వర్గంలో 62.2 శాతం.

ఈ ఫలితాన్నే వార్తలు 'ముప్పు 44 శాతం తగ్గింది' అని రాశాయి. రెండూ నిజమే, చెప్పే తీరు వేరు. 44 శాతం అనేది రెండు వర్గాల్లో తిరగబెట్టే వేగాల నిష్పత్తి. రోగి వైపు నుంచి చూస్తే, ఏడాదిన్నర గడిచాక ప్రతి వంద మందిలో అదనంగా దాదాపు 16 మందికి జబ్బు తిరగబెట్టలేదు. వంద మందిలో 62 మందికి టీకా లేకపోయినా తిరగబెట్టలేదు, 21 మందికి టీకా ఇచ్చినా తిరగబెట్టింది. టీకా నిజంగా ఏమీ చేయకపోయినా కాకతాళీయంగా ఇంత తేడా కనిపించే సంభావ్యత 0.05 లోపు ఉండాలన్నది సంఖ్యాశాస్త్రంలో అలవాటైన కొలమానం. రెండు వైపుల పరీక్షలో (టీకా మేలు చేసే అవకాశాన్నీ, కీడు చేసే అవకాశాన్నీ లెక్కించేది) ఇక్కడ వచ్చింది 0.053. అంటే గీతకు కాస్త అవతల. తర్వాత మూడేళ్ల దాకా గమనించినప్పుడు తేడా చెరిగిపోలేదు, ముప్పు తగ్గుదల 49 శాతంగా నమోదైంది. ట్రయల్ చిన్నదన్న అనుమానాన్ని ఇది కొంత తగ్గిస్తుంది, పూర్తిగా తీర్చదు.

క్లోమంలో 16 మంది

మెలనోమాలో జన్యు మార్పులు ఎక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాల చలవ అది. మచ్చలు ఎక్కువున్నచోట గుర్తుపట్టడం తేలిక, ఇమ్యూనోథెరపీ మందులు బాగా పనిచేసేదీ అక్కడే. క్లోమ క్యాన్సర్ దీనికి పూర్తి వ్యతిరేకం. మార్పులు తక్కువ, పీచు గోడ దట్టం, ఇమ్యూనోథెరపీకి దాదాపు లొంగదు. ఆపరేషన్ చేసినా ఎక్కువమందిలో తిరగబెడుతుంది. అలాంటి చోట టీకా ఏమైనా చేయగలదా అన్నది నిజమైన పరీక్ష.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో శస్త్రవైద్యుడు వినోద్ బాలచంద్రన్ బృందం 16 మందికి, కణితి తీసేశాక, బయోన్‌టెక్ తయారుచేసిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకా ఇచ్చింది. తీసిన కణితి ముక్కలు విమానంలో జర్మనీ వెళ్లాయి, 20 దాకా నియోయాంటిజెన్లున్న టీకాలుగా తిరిగొచ్చాయి. ఆపరేషన్ నుంచి మొదటి టీకా మోతాదుకు సుమారు తొమ్మిది వారాలు పట్టింది. టీకాతోపాటు అటెజోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు, కీమో కూడా ఇచ్చారు. 2023లో వెలువడిన ఫలితం ప్రకారం 16 మందిలో ఎనిమిది మందికి టీకా లక్ష్యాలపై కొత్త టి-కణాలు గట్టిగా పుట్టాయి. 2025లో, సగటున మూడేళ్లకు పైగా గమనించాక చూస్తే, ఆ ఎనిమిది మందిలో ఇద్దరికే జబ్బు తిరగబెట్టింది. టి-కణాలు పుట్టని మరో ఎనిమిది మందిలో ఏడుగురికి తిరగబెట్టింది.

ఈ అంకెలను చదివేటప్పుడు ఒక మెలకువ అవసరం. ఇక్కడ టీకా తీసుకున్నవారిని తీసుకోనివారితో పోల్చలేదు. టీకాకు స్పందించినవారిని స్పందించనివారితో పోల్చారు. మొదటి నుంచీ ఆరోగ్యం బాగున్నవారే స్పందించి ఉండొచ్చు, వారు టీకా లేకున్నా ఎక్కువకాలం బాగుండేవారేమో. ఈ ప్రశ్న పరిశోధకులకూ తట్టింది. అదే కాలంలో రోగులు వేయించుకున్న కోవిడ్ టీకాకు రెండు వర్గాలూ ఒకేలా స్పందించాయని వారు చూపారు, అంటే రెండో వర్గం రోగనిరోధక శక్తి మొత్తంగా కుంగిపోయి లేదు. వాదన బలమైనదే. కానీ టీకా ఇచ్చినవారిని, ఇవ్వనివారిని చీటీ వేసినట్టు విడదీసి పోల్చేదాకా అది వాదనగానే ఉంటుంది. అలాంటి రెండో దశ ట్రయల్ 2023లో మొదలైంది.

ఎప్పుడు ఇవ్వాలన్న ప్రశ్న

ఈ రెండు ట్రయల్స్‌లోనూ ఉమ్మడి అంశం ఎంఆర్‌ఎన్‌ఏ ఒక్కటే కాదు. రెండింటిలోనూ కణితిని ముందు కత్తితో తీసేశారు. వెనుకటి రోజుల్లో టీకాలు ఎక్కువగా అన్ని చికిత్సలూ విఫలమైన, ఒంటి నిండా గడ్డలున్న రోగులకు ఇచ్చేవారు. కొత్త మందును ముందు అలాంటివారికే ఇచ్చి చూడటం నైతికంగా సబబే, కానీ టీకాకు అది అత్యంత ప్రతికూలమైన రంగం. కొన్ని వేల కణాలను టి-కణాలు ఏరివేయగలవు. వందల కోట్ల కణాలున్న గడ్డ ముందు, కీమోతో బలహీనపడిన వ్యవస్థ ముందు, అవే టి-కణాలు నిస్సహాయం.

ఈ తేడా స్పష్టంగా కనిపించేది హెచ్‌పీవీ విషయంలో. నెదర్లాండ్స్ పరిశోధకులు ఆ వైరస్ ప్రొటీన్ ముక్కలతో ఒక చికిత్స టీకా తయారుచేశారు. ఆడవారి బాహ్య జననాంగంపై ఇంకా క్యాన్సర్‌గా మారని పుండ్లున్నవారికి దాన్ని ఇచ్చారు. 2009 ఫలితాల ప్రకారం ఏడాది తర్వాత 19 మందిలో తొమ్మిది మందికి పుండ్లు పూర్తిగా మాయమయ్యాయి. అదే టీకాను, అదే వైరస్‌తో వచ్చి ముదిరిన క్యాన్సర్ ఉన్నవారికి ఇస్తే టి-కణాలు కొంతమేర పెరిగాయి గానీ గడ్డలు తగ్గలేదు. టీకా మారలేదు, లక్ష్యం మారలేదు. మారింది దశ ఒక్కటే.

వైరస్ ప్రొటీన్ కాబట్టి ఇక్కడ ఇంటి దొంగ సమస్య కూడా లేదన్నది గమనించాలి. లక్ష్యం ఎంత పరాయిదైనా, కణితి ముదిరితే మిగతా మెట్లు అడ్డుపడతాయి.

అందరికీ ఒకటే, లేదా ఒక్కొక్కరికి ఒకటి

వ్యక్తిగత టీకాకు వారాల సమయం, భారీ ఖర్చు తప్పవు. దానికి ప్రత్యామ్నాయం, చాలామంది రోగుల్లో ఉమ్మడిగా కనిపించే మార్పులను ఎంచుకోవడం. క్లోమ క్యాన్సర్లలో అత్యధిక భాగం, పెద్దపేగు క్యాన్సర్లలో చెప్పుకోదగిన భాగం కేఆర్‌ఏఎస్ అనే జన్యువులో ఒకే చోట మారి ఉంటాయి. ఆ మార్పుపై, లింఫు గ్రంథులకు నేరుగా చేరేలా తయారుచేసిన ఈఎల్ఐ-002 టీకాను 25 మందిపై పరీక్షించగా ఎక్కువమందిలో టి-కణాలు పుట్టాయి. ముందే తయారుచేసి గిడ్డంగిలో ఉంచుకోవచ్చు, కణితి ముక్క విమానం ఎక్కనక్కర్లేదు.

ఒకే లక్ష్యానికి గురిపెడితే వచ్చే ప్రమాదం ఏమిటో మెదడు క్యాన్సర్ నేర్పింది. గ్లయోబ్లాస్టోమా అనే ఆ క్యాన్సర్‌లో కనిపించే ఒక ప్రత్యేక మార్పుపై రిండోపెపిమట్ అనే టీకాను 745 మందిపై పరీక్షించి 2016లో ఆపేశారు. జీవితకాలం పెరగలేదు. తిరగబెట్టిన కణితులను పరిశీలిస్తే చాలావాటిలో ఆ లక్ష్యమే మాయమై ఉంది. టీకా ఇవ్వనివారిలోనూ అలాగే మాయమైంది. అంటే ఆ లక్ష్యం మీద ఆధారపడి కణితి బతకడం లేదన్నమాట. కేఆర్‌ఏఎస్ మార్పును కణితి అంత సులువుగా వదులుకోలేదని పరిశోధకుల నమ్మకం, ఎందుకంటే కణం ఆగకుండా పెరగడానికి అదే ఇంధనం.

మన దగ్గర లెక్క ఎలా ఉంటుంది

మోడెర్నా టీకా మూడో దశ ట్రయల్ వెయ్యి మందికి పైగా మెలనోమా రోగులతో నడుస్తోంది. బ్రిటన్ ప్రభుత్వం బయోన్‌టెక్‌తో 2030 నాటికి 10,000 మందికి వ్యక్తిగత చికిత్సలు అందించే ఒప్పందం చేసుకుంది. మోడెర్నా ట్రయల్ నెగ్గినా ఆ ఫలితం వర్తించేది ఆపరేషన్ అయిన మెలనోమాకు. మన దేశంలో మెలనోమా అరుదు. ఇక్కడ ఎక్కువగా కనిపించేవి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. వాటిలో ప్రతిదానికీ విడిగా ట్రయల్ జరగాలి. పైగా మన రోగుల్లో చాలామంది ఆసుపత్రికి వచ్చేసరికే జబ్బు ముదిరి ఉంటుంది. పైన చూసినట్టు, టీకాలు చేతులెత్తేసే దశ అదే.

ఖర్చులో టీకా ఒక భాగమే. పైన చూసిన మెలనోమా, క్లోమ క్యాన్సర్ ఎంఆర్‌ఎన్‌ఏ ట్రయల్స్ రెండింటిలోనూ టీకాకు తోడుగా ఖరీదైన ఇమ్యూనోథెరపీ మందు ఉంది. మన దేశంలో అలాంటి మందే చాలామందికి అందదు. ఈ దిశలో ఆశ కలిగించింది ముంబై టాటా మెమోరియల్ వైద్యుల ప్రయోగం. ముదిరిన తల, మెడ క్యాన్సర్ ఉన్నవారికి నివొలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందును మామూలు మోతాదులో పదో వంతు కూడా కాని 20 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత జీవించి ఉన్నవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. తయారీ పరిజ్ఞానం విషయానికొస్తే పుణెలోని జెన్నోవా కోవిడ్‌కు ఎంఆర్‌ఎన్‌ఏ టీకా చేసింది, హైదరాబాద్‌లోని సీసీఎంబీ 2022లో స్వదేశీ ఎంఆర్‌ఎన్‌ఏ వేదికను ప్రకటించింది. అయితే ఒకే టీకాను కోట్ల మోతాదుల్లో చేయడంలో మనకున్న నేర్పు, ఒక్కో మనిషికి ఒక్కో సీసా చేసే పనిలో అంతగా అక్కరకు రాదు.

ఈలోగా 'డెండ్రైటిక్ టీకా', 'వ్యక్తిగత క్యాన్సర్ టీకా' పేర్లతో లక్షల రూపాయలకు చికిత్స ఇస్తామనే ప్రకటనలు ఇంటర్నెట్‌లో కనిపిస్తూనే ఉన్నాయి. అది ప్రయోగమో, అనుమతి పొందిన చికిత్సో తెలుసుకోవడం కష్టం కాదు. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ అన్నీ ఐసీఎంఆర్ నిర్వహించే సీటీఆర్‌ఐ రిజిస్ట్రీలో నమోదు కావాలి, ఆ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. ఏ క్యాన్సర్, ఏ దశ, ఎంతమంది, దేనితో పోలుస్తున్నారు అన్నవి అందులోనే ఉంటాయి. ఐసీఎంఆర్ నైతిక మార్గదర్శకాల ప్రకారం, పరిశోధనలో భాగంగా ఇచ్చే చికిత్సకు, చేసే పరీక్షలకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.